వైర్ యాంటెనాల కోసం పది మీటర్ల చెక్క మాస్ట్ తయారు చేసుకునే విధానం

హామ్ రేడియోలో షార్ట్‌వేవ్ బ్యాండ్లపై పనిచేయదలచిన వారికి ట్రాన్సీవరు (సంకేతాలను పంపే, అందుకునే రేడియో) కంటే ముందు కావలసింది ఎత్తు. 14 మెగాహెర్ట్జ్ బ్యాండులో అర్ధతరంగ దూరం సుమారు 10.6 మీటర్లు. డైపోల్‌ను (మధ్యలో కేబుల్ కలిపే రెండు భుజాల తీగ యాంటెనాను) దాదాపు ఆ ఎత్తుకు చేర్చగలిగితే దాని ప్రసారం దిగంతానికి దగ్గరగా, అంటే 30 డిగ్రీల కోణానికి అటూ ఇటూగా వెళ్లి దూరప్రాంతాలకు అందుతుంది. అదే డైపోల్ రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే శక్తిలో ఎక్కువ భాగం నడినెత్తి వైపుకే పోతుంది. కనుక పది మీటర్ల మాస్ట్ (యాంటెనాను మోసే నిలువు స్తంభం) అనేది ఇంటి ఆవరణలో సాధించగలిగిన, నిజంగా ప్రయోజనం ఇచ్చే ఎత్తు.

ఇనుప పైపు ఉండగా చెక్క ఎందుకు అని మీరు అడగవచ్చు. ఆరిన చెక్క విద్యుత్తును ప్రసారం చేయదు కాబట్టి, దాని వెంట నిలువుగా కట్టిన తీగ కూడా యాంటెనాగా చక్కగా పనిచేస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు పావుతరంగ తీగ పొడవు సరిగ్గా పది మీటర్ల చుట్టూ వస్తుంది గనుక, ఇదే మాస్ట్ ఒక రోజు డైపోల్‌ను, మరొక రోజు నిలువు యాంటెనాను మోయగలదు. పైగా రంపం, బరమా, రెంచీ ఉన్నవారెవరైనా వెల్డింగు పని లేకుండా దీనిని తయారు చేసుకోవచ్చు. అయితే ఇది వైర్ యాంటెనాలకు, తేలికపాటి వీహెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్ కంటే ఎక్కువ పౌనఃపున్యపు) నిలువు యాంటెనాలకు మాత్రమే తగినది. రొటేటరు (యాంటెనాను తిప్పే మోటారు) మీద తిరిగే షార్ట్‌వేవ్ యాగీని (వరుసగా కడ్డీలున్న బరువైన యాంటెనాను) దీని మీద పెట్టాలని దయచేసి అనుకోవద్దు. దానికి లెక్క కట్టి నిర్మించిన టవరే కావాలి.

చెక్క మాస్ట్‌లు గాలికి విరిగాయని చెప్పుకుంటారు గాని, విరిగిన చోటును పరిశీలిస్తే చాలాసార్లు అక్కడ కలప ముందే కుళ్లి ఉంటుంది. ఆ కుళ్లు ఏ బోల్టు రంధ్రంలోనో, నేలమట్టంలోనో, రంగు వేయని కోత ముఖంలోనో మొదలై ఉంటుంది. అందువల్ల ఈ నిర్మాణంలో రెండు నిర్ణయాలను చివరిదాకా పాటిస్తాము. మొదటిది, మాస్ట్‌లో ఏ భాగంలోనూ నీరు నిలవకూడదు. రెండవది, మాస్ట్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు నేలకు దించగలగాలి. ఎక్కి చూసుకోవలసిన అవసరం రాకూడదు, ఎందుకంటే ఈ మాస్ట్ మనిషి బరువును మోయడానికి ఉద్దేశించినది కాదు.

స్థలం ఎంపిక

మొదట తలెత్తి చూడండి. మాస్ట్ ఏ దిక్కుకు పడినా, దాని మీది యాంటెనా, తీగలు, తాళ్లతో సహా కరెంటు తీగలను తాకే అవకాశం లేని చోటునే ఎంచుకోవాలి. పది మీటర్ల మాస్ట్‌కు కరెంటు లైనుకు మధ్య కనీసం పదిహేను మీటర్లు ఉంటే తప్ప పని మొదలుపెట్టవద్దు. యాంటెనా తీగ ఏ పరిస్థితిలోనూ కరెంటు లైను పైనుంచి గాని, కిందినుంచి గాని పోకూడదు. ఈ ఒక్క విషయంలో సర్దుబాటుకు తావు లేదు.

తరువాత నేల కొలతలు. నాలుగు దిక్కులా గై తాళ్ల (మాస్ట్ ఒరగకుండా నేలకు లాగి కట్టే తాళ్ల) మేకులకు మాస్ట్ మొదలు నుంచి 7 మీటర్ల చొప్పున చోటు కావాలి. మాస్ట్‌ను పడుకోబెట్టడానికి ఒక వైపు పది మీటర్ల ఖాళీ ఉండాలి. 7 మెగాహెర్ట్జ్ ఇన్‌వర్టెడ్ వీ (మధ్య భాగం మాస్ట్ పైన, రెండు కొసలు కిందికి వాలుగా ఉండే డైపోల్) కట్టదలిస్తే దాని రెండు కొసల తాళ్లను బిగించడానికి ఎదురెదురుగా 11 మీటర్ల దాకా స్థలం అవసరమవుతుంది. ఇంత ఎత్తు కట్టడానికి స్థానిక నిబంధనలు అనుమతిస్తాయో లేదో, దగ్గరలో విమానాశ్రయం ఉంటే ఎత్తు పరిమితులు ఏమిటో కలప కొనకముందే తెలుసుకోండి.

కలప, ఇతర సామగ్రి

మాస్ట్ కింది సగం రెండు పలకలతో, పై సగం ఒకే కమ్మీతో తయారవుతుంది. కింది పలకలు ఒక్కొక్కటి 5.5 మీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు, 38 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పై కమ్మీ కూడా 5.5 మీటర్ల పొడవే గాని, 75 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పలకల నడుమ కమ్మీని 1.2 మీటర్ల మేర దూర్చి బిగిస్తే మొత్తం పొడవు 9.8 మీటర్లు వస్తుంది. వీటికి తోడు 50 మిల్లీమీటర్ల మందం గల దిమ్మెలు కావాలి. అడుగున పెట్టే 1.5 మీటర్ల పొడవైన గట్టి కలప దిమ్మె ఒకటి, మధ్యలో ఎడం నిలపడానికి 30 సెంటీమీటర్ల దిమ్మెలు మూడు చాలు. మాస్ట్‌ను పట్టుకునే రెండు గుంజలు 100 మిల్లీమీటర్ల చదరంలో, 2.4 మీటర్ల పొడవున ఉండాలి.

కలప జాతి కంటే దాని తీరు ముఖ్యం. పైన్, ఫర్, దేవదారు వంటి తేలిక కలపలు పై భాగానికి చక్కగా సరిపోతాయి. టేకు మన్నుతుంది గాని, బరువు వల్ల నిలబెట్టేటప్పుడు చెమట పట్టిస్తుంది. పలకను కంటి ఎదుట పట్టుకొని ఒక కొస నుంచి రెండవ కొసకు చూడండి. విల్లులా వంగినదానిని, మెలి తిరిగినదానిని పక్కన పెట్టేయండి. కలప పోగులు పలక పొడవునా సాగాలి గాని ఏటవాలుగా అంచుకు వచ్చి తెగిపోకూడదు. ముడులు చిన్నవిగా, అంచులకు దూరంగా ఉంటే పరవాలేదు. వెడల్పులో నాలుగవ వంతును మించిన ముడి ఉన్న పలకను, ముఖ్యంగా పై కమ్మీ కోసం, తీసుకోవద్దు. పచ్చి కలప ఆరే కొద్దీ కుంచించుకుపోయి బోల్టులన్నీ వదులవుతాయి కనుక బాగా ఆరిన కలపనే అడగండి.

నేలలో పాతే గుంజలకు ఒత్తిడితో మందు పట్టించిన కలప శ్రేష్ఠం. అలాంటి మందులలో రాగి లవణాలు ఉంటే అవి మామూలు ఇనుమును, పలుచని జింకు పూతను త్వరగా తినేస్తాయి. అందుకే బోల్టులు, నట్లు, వాషర్లు అన్నీ వేడి జింకులో ముంచి తీసినవి గాని, స్టెయిన్‌లెస్ స్టీలువి గాని కొనండి. అతుకు కోసం 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు, దిమ్మెల కోసం 10 మిల్లీమీటర్ల బోల్టులు సరిపడా తీసుకోండి. వీటి పొడవు 160 మిల్లీమీటర్లు ఉంటే రెండు వైపులా వెడల్పు వాషర్లు పట్టడానికి చోటుంటుంది. గుంజల గుండా పోయే రెండు ఇరుసులు 16 మిల్లీమీటర్ల మందంతో, సుమారు 37 సెంటీమీటర్ల పొడవుతో ఉండాలి. అంత పొడవైన బోల్టు సులభంగా దొరకదు కనుక మర కడ్డీని కోసి రెండు కొసలకూ నట్లు బిగించుకోవడం మేలు.

గై తాళ్లకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం గల, ఎండను తట్టుకునే పాలియెస్టర్ తాడు వాడండి. నైలాన్ తాడు బరువు పడితే సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. చవకగా దొరికే పాలీప్రొపిలీన్ తాడు ఎండకు పెళుసెక్కి పొడిగా రాలిపోతుంది. ఉక్కు తీగ వాడితే అది కూడా యాంటెనాతో పాటు స్పందించే ప్రమాదం ఉంటుంది కాబట్టి దానిని ముక్కలుగా చేసి నడుమ గుడ్డు ఆకారపు ఇన్సులేటర్లు పెట్టవలసి వస్తుంది. పాలియెస్టర్ తాడుతో ఆ బాధ లేదు. రెండు అంతస్తుల్లో, ఒక్కో అంతస్తుకు నాలుగు తాళ్ల చొప్పున, ముడులతో కలిపి దాదాపు వంద మీటర్ల తాడు పడుతుంది.

కోత, రంధ్రాలు, రంగు

ఈ మూడింటినీ ఇదే వరుసలో చేయాలి. రంగు వేసిన తరువాత వేసిన ప్రతి రంధ్రమూ నీటికి తెరిచిన ద్వారం అవుతుంది.

కింది పలకల పై కొసలను, నడిమి దిమ్మెల పై ముఖాలను 45 డిగ్రీల వాలుగా కోయండి. అలా చేస్తే వాన నీరు అక్కడ ఆగకుండా జారిపోతుంది. పై కమ్మీ కొసను కూడా ఏటవాలుగా కోసి, తరువాత దానిమీద ఒక లోహపు రేకు టోపీ బిగించాలి. పలకలు, దిమ్మెలు, కమ్మీలను చదునైన నేలమీద అసలు స్థానాల్లో పేర్చి, పొడవునా ఒక దారం లాగి కట్టి, అన్నీ ఆ దారానికి సూటిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాక బిగింపు పట్టీలతో కదలకుండా పట్టి ఉంచి రంధ్రాలు వేయండి. విడివిడిగా రంధ్రాలు వేసి తరువాత కలపాలని చూస్తే అవి ఒకదానితో ఒకటి కలవవు.

అతుకు దగ్గర నాలుగు బోల్టులలో చివరివి పలక కొసకు, కమ్మీ కొసకు 15 సెంటీమీటర్ల లోపలగా ఉండాలి. మిగిలిన రెండూ నడుమ సమదూరంలో వస్తాయి. నాలుగూ ఒకే పోగు గీత మీద పడితే కలప ఆ గీత వెంట చీలే అవకాశం ఉంది కాబట్టి ఒకటి మధ్యగీతకు కొద్దిగా ఇటు, మరొకటి కొద్దిగా అటు జరపండి. అడుగు దిమ్మె గుండా పోయే రెండు పెద్ద రంధ్రాలలో ఒకటి మాస్ట్ మొదలు నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున, రెండవది 1.2 మీటర్ల ఎత్తున ఉండాలి. మొదటి దానిమీద మాస్ట్ తిరుగుతుంది, రెండవది దానిని నిలువుగా తాళం వేసి ఉంచుతుంది.

ఇప్పుడు అన్నీ విప్పేయండి. కలప పక్క ముఖాల కంటే కోసిన కొసలు నీటిని ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటాయి. అందుచేత కోత కొసలను, రంధ్రాల లోపలి గోడలను కలప రక్షక ద్రావణంతో ఇక పీల్చుకోలేనంత వరకు తడపండి. అది పూర్తిగా ఆరాక ప్రైమరు ఒక పూత, బయటి వాతావరణానికి తగిన రంగు రెండు పూతలు వేయాలి. అతుకులో ఒకదానికొకటి ఆనుకునే ముఖాలకు కూడా రంగు వేయడం మరువవద్దు. బిగించిన తరువాత కుంచె అక్కడికి చేరదు, నీరు మాత్రం చేరుతుంది. రంగు ఆరిన తరువాత బోల్టులు బిగించండి. వాషరు కలపలోకి కొద్దిగా అదిమినట్టు కనిపించేంత బిగువు చాలు. అంతకు మించితే పోగులు నలిగిపోతాయి.

గుంజలు పాతడం

గుంజలను పాతే ముందే రెండింటినీ జోడించి పట్టి, ఒకేసారి రంధ్రాలు వేసుకోండి. నేలపైన 30 సెంటీమీటర్ల ఎత్తున ఒకటి, 1.3 మీటర్ల ఎత్తున ఒకటి రావాలి. అప్పుడు మాస్ట్ మొదలు నేలకు పది సెంటీమీటర్ల పైన వేలాడుతూ తడికి దూరంగా ఉంటుంది, తిరిగేటప్పుడు నేలకు తగలదు. గుంజలు భూమిలోకి 90 సెంటీమీటర్లు దిగుతాయి. మెత్తని ఇసుక నేల అయితే గుంజలు మరికొంత పొడవైనవి తీసుకొని మరికొంత లోతుకు దించాలి.

గొయ్యి అడుగున 15 సెంటీమీటర్ల మేర కంకర పోసి, గుంజల అడుగు ఆ కంకర మీద ఆనేలా నిలబెట్టండి. గుంజ అడుగును కూడా కాంక్రీటుతో మూసేస్తే అందులోకి దిగిన నీరు బయటికి పోయే దారి లేక గిన్నెలో నిలిచినట్టు నిలిచి కలపను కుళ్లబెడుతుంది. గుంజల నడుమ ఎడం మాస్ట్ మందం కంటే కాస్త ఎక్కువగా, అంటే 130 మిల్లీమీటర్లు ఉండేలా రెండు చెక్క ముక్కలను తాత్కాలికంగా దూర్చి, ఇరుసు కడ్డీలను కూడా రంధ్రాలలో పెట్టి బిగించిన తరువాతే కాంక్రీటు పోయాలి. రసమట్టంతో రెండు దిక్కులా నిలువు చూసుకోండి. కాంక్రీటు పై ముఖాన్ని గుంజల నుంచి బయటికి వాలుగా తీర్చితే వాన నీరు పక్కకు పోతుంది. కనీసం వారం రోజులు తడుపుతూ ఆగండి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి నాలుగు వారాలు పడుతుంది గనుక తొందర లేకపోతే అప్పటిదాకా వేచి ఉండటమే మంచిది.

గై తాళ్ల మేకుల స్థానం గుర్తించేటప్పుడు ఒక చిన్న సూత్రం పాటించండి. నాలుగింటిలో రెండు మేకులు కింది ఇరుసు కడ్డీ చూపే గీత మీదనే, మాస్ట్‌కు చెరొక పక్కన ఉండాలి. మాస్ట్ లేస్తున్నంతసేపు పక్కలకు ఒరగకుండా ఆపేవి ఆ రెండు తాళ్లే. మిగిలిన రెండింటిలో ఒకటి మాస్ట్ పడుకునే వైపు, ఒకటి దానికి ఎదురుగా వస్తాయి. మీటరుకు తగ్గని పొడవున్న ఇనుప కోణపు కడ్డీలను మాస్ట్‌కు దూరంగా వాలేలా, తాడు లాగే దిశకు లంబంగా ఉండేలా దిగగొట్టండి. నేల మెత్తగా ఉంటే మేకు బదులు ఒక దుంగను అడ్డంగా లోతున పాతి దానికి కడ్డీ కట్టడం నమ్మకమైన పద్ధతి.

నేలమీద ఉండగానే అన్నీ కట్టుకోవడం

పై కొసకు కొద్దిగా దిగువన కంటి బోల్టు వేసి దానికి గిలక బిగించండి. గిలక చక్రానికి, దాని పక్క రేకులకు మధ్య సందు తాడు మందం కంటే తక్కువగా ఉండాలి. లేకపోతే ఒక గాలి రోజున తాడు చక్రం మీద నుంచి జారి ఆ సందులో ఇరుక్కుపోతుంది. ఇక యాంటెనాను దించే మార్గమే ఉండదు. గిలకలోంచి పోయే తాడు రెండు కొసలనూ కలిపి ఒక వలయంగా చేయండి. ఒంటి తాడు వాడితే, యాంటెనా తెగిన రోజున తాడు కొస పైకి పరుగెత్తి గిలకలోంచి ఊడిపోతుంది. వలయం అయితే ఏదో ఒక భాగం ఎప్పుడూ చేతికి అందుతుంది. ఇందుకు మాస్ట్ ఎత్తుకు రెండింతల కంటే కాస్త ఎక్కువ తాడు కావాలి.

పై అంతస్తు గై తాళ్లను 9.3 మీటర్ల ఎత్తున, కింది అంతస్తువి 5.5 మీటర్ల ఎత్తున, అంటే అతుకు పైకొస దగ్గర కట్టండి. అతుకు వద్ద గాలి తాకిడికి వంపు ఎక్కువగా వచ్చే చోట కింది తాళ్లు పడతాయి. తాడును నేరుగా కంటి బోల్టుకు కట్టక, నడుమ లోహపు థింబుల్ (తాడు వంపులో కూర్చునే గాడి వలయం) పెట్టి బౌలైన్ ముడి (జారని ఉచ్చు ముడి) వేస్తే ఒరిపిడికి తెగదు. మేకులు 7 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు పై తాడు దాదాపు 11.6 మీటర్లు, కింది తాడు దాదాపు 9 మీటర్లు వస్తుంది. ప్రతి దానికీ ముడుల కోసం మరో మీటరున్నర కలుపుకోండి.

నిలబెట్టడం

ఇప్పుడు మాస్ట్ బరువు ఉపకరణాలతో కలిపి 45 కిలోల చుట్టూ ఉంటుంది. ఇది పెద్ద బరువు కాదనిపిస్తుంది గాని, పొడవు వల్ల దాని ప్రవర్తన మోసం చేస్తుంది. పడుకున్న మాస్ట్ పై కొసను ఎత్తడానికి 15 కిలోల పైచిలుకు బలం చాలు. కాని మీరు దానిని చేతులతో ఎత్తిపట్టి మొదలు వైపు నడిచే కొద్దీ పట్టు ఇరుసుకు దగ్గరవుతుంది, భారం పెరుగుతుంది. 45 డిగ్రీల దగ్గర అది గరిష్ఠంగా 40 కిలోల దాకా చేరి, ఆ తరువాత తగ్గుతుంది. ఉత్సాహంగా మొదలుపెట్టి సగంలో ఆగిపోవడానికి కారణం ఇదే. అందుకని కనీసం ఐదుగురు ఉండాలి. ఇద్దరు కింద నుంచి ఎత్తుతూ నడుస్తారు, ఒకరు ఎదురు వైపు నుంచి పై గై తాడును లాగుతారు, ఇద్దరు పక్క తాళ్లను చూస్తారు. ఆజ్ఞలు ఒక్కరే ఇవ్వాలి. గాలి లేని ఉదయాన్ని ఎంచుకోండి, చేతి తొడుగులు, తల రక్షణకు హెల్మెట్లు పెట్టుకోండి, పిల్లలను మాస్ట్ పడగల దూరంలోకి రానివ్వవద్దు.

పక్క తాళ్లను గురించి ఒక హెచ్చరిక. మేకులు నేలమట్టంలో, ఇరుసు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నందువల్ల, మాస్ట్ లేచే కొద్దీ తాడు కట్టిన చోటుకు, మేకుకు మధ్య దూరం సుమారు పాతిక సెంటీమీటర్లు పెరుగుతుంది. పడుకున్నప్పుడే బిగుతుగా కట్టేస్తే సగంలో తాళ్లు మాస్ట్‌ను పట్టేస్తాయి. నిలువుగా ఉన్నప్పటి పొడవును లెక్కించి, పడుకున్నప్పుడు ఆ మేరకు వదులుగా ఉండేటట్టు కట్టండి. పడుకునే వైపు తాడును కూడా ముందే సరైన పొడవుకు మేకుకు కట్టి ఉంచితే మాస్ట్ నిలువును దాటి అవతలికి ఒరగకుండా అది ఆపుతుంది. దానికి తోడుగా గుంజలకు అవతలి ముఖాన ఒక అడ్డు పలక కొట్టండి. మాస్ట్ కింది భాగం దానికి ఆని ఆగుతుంది.

మాస్ట్ నిలువుకు రాగానే పై ఇరుసు కడ్డీని దూర్చి నట్లు బిగించాలి. అది బిగిసే వరకు ఎవరూ తాడు వదలకూడదు. ఆ తరువాత తూకం గుండుతో రెండు దిక్కులా నిలువు చూస్తూ, ముందు కింది అంతస్తు తాళ్లను, తరువాత పై వాటిని, ఎదురెదురు జతలుగా సర్దండి. తాడు జోలెలా వేలాడకుండా ఉంటే చాలు. తాళ్లను వీణ తీగల్లా బిగించడం వల్ల మాస్ట్ గట్టిపడదు. ఆ లాగుడంతా కిందికి నొక్కే భారంగా మారి సన్నని కమ్మీని వంచేస్తుంది. టర్న్‌బకిళ్లు (తిప్పి తాడు బిగువును సర్దే మర బిగింపులు) వాడితే, గాలి కదలికలకు అవి తమంతట తాము విప్పుకోకుండా వాటి గుండా ఒక సన్నని తీగ దూర్చి కట్టండి.

యాంటెనా, పిడుగు జాగ్రత్త

డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో సుమారు 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు 20.1 మీటర్లు. దీనిని ఇన్‌వర్టెడ్ వీగా కట్టి కొసలను నేలకు మూడు మీటర్ల ఎత్తున నిలిపితే రెండు భుజాల మధ్య కోణం 95 డిగ్రీల దగ్గర వస్తుంది. కోణం 90 కంటే తగ్గితే యాంటెనా సామర్థ్యం తగ్గుతుంది. ప్రసారం జరుగుతున్నప్పుడు తీగ కొసల వద్ద వోల్టేజి చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి మనిషి చేతికి అందేంత కిందికి వాటిని దించకండి. మొదట తీగను కొద్దిగా పొడవుగానే కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా కేబుల్‌తో ఎంత సరిగా కుదిరిందో చెప్పే నిష్పత్తి) చూస్తూ రెండు వైపులా సమానంగా తగ్గించుకోవాలి.

తడిసిన కలప మంచి ఇన్సులేటరు కాదు. నిలువు తీగ యాంటెనాను మాస్ట్‌కు అంటించకుండా ప్లాస్టిక్ ఆధారాల మీద ఐదు నుంచి పది సెంటీమీటర్ల ఎడంగా నడపండి. ఆర్‌జీ-213 వంటి మందపాటి కోయాక్స్ (యాంటెనాను రేడియోకు కలిపే కేబుల్) పది మీటర్లకు కిలోన్నర బరువు తూగుతుంది. ఆ బరువు కనెక్టరు మీద పడకుండా కేబుల్‌ను పైన ఒక చోట కట్టి, కనెక్టర్లను తమలో తాము అతుక్కునే రబ్బరు టేపుతో మూయండి. ఇంట్లోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే నీరు అక్కడే కారిపోతుంది.

పిడుగు పడితే చెక్కలోని తేమ ఒక్కసారిగా ఆవిరై మాస్ట్ చీలిపోగలదు. కోయాక్స్ ఇంట్లోకి ప్రవేశించే చోట మెరుపు నిరోధకం పెట్టి, దానిని నేలలో పాతిన ఎర్త్ కడ్డీకి, ఆ కడ్డీని ఇంటి ఎర్త్‌కు మందపాటి రాగి తీగతో కలపాలి. ఉరుము వినిపించే లోగానే కేబుల్‌ను రేడియో నుంచి విప్పేసి గది బయట ఉంచండి.

మొదటి వేసవి, మొదటి వానలు గడిచిన తరువాత మాస్ట్‌ను ఒకసారి దించి బోల్టులన్నీ మళ్లీ బిగించండి. కలప సర్దుకోవడం వల్ల అవి తప్పక కొంత వదులై ఉంటాయి. ఆ తరువాత ఏడాదికి ఒకసారి చాలు. దించినప్పుడల్లా గుంజలను నేలమట్టం దగ్గర, మాస్ట్‌ను బోల్టుల చుట్టూ సన్నని స్క్రూడ్రైవరు కొసతో పొడిచి చూడండి. కొస తేలిగ్గా దిగితే ఆ భాగాన్ని మార్చాలి. పైపైన రంగు పూసి కప్పకండి. తాళ్లు ముడుల దగ్గర నూగు లేచినట్టు కనిపిస్తే కొత్తవి వేయండి. పెద్ద గాలివాన హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ముందురోజే ఎత్తినప్పుడు ఉన్నంత మందిని పిలిచి, వారు తాళ్లు పట్టుకున్నాకే పై ఇరుసు కడ్డీ తీసి మాస్ట్‌ను పడుకోబెట్టండి. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది, సెకనుకు 40 మీటర్ల గాలిలో అది చదరపు మీటరుకు వంద కిలోల దాకా ఉంటుంది.